సుంకి ఘాటీలో ఎడమ చక్రం

ప్యాడ్లు మార్చింది నేనే.
జయపురంలో, మా ఇంటి వెనక, ఆదివారం పొద్దున్న
సుమో కింద గోనెపట్టా పరుచుకుని.
మేస్త్రీకిచ్చే మూడొందలు మిగిలాయనుకున్నాను.

పిస్టన్ని లోపలికి నెట్టినవాడు
బండి కదిపేముందు పెడల్ నాలుగుసార్లు తొక్కాలి.
నేను తొక్కలేదు.
గేటు దగ్గర కాలు నేలదాకా దిగిపోయింది.
ఎదురింటి మిశ్రాగారి సిమెంటు తొట్టి ఆపింది బండిని.
తొట్టికేం కాలేదు.

తొక్కగా తొక్కగా పెడల్ గట్టిపడింది.
గట్టిపడింది కదా అని సోమవారం సాలూరు బేరం ఒప్పుకున్నాను,
ఆరుగురు మనుషులు, రెండు బుట్టల అల్లం.

పొట్టంగి దాటాక మొదలెట్టింది.
స్టీరింగు కాస్త వదిలితే చాలు, ఎడమకి, ఎడమకి,
లోయ ఏదో చెబుతానని పిలిచినట్టు.
బ్రేకు తొక్కకపోయినా లాగుతోంది.
వెనక సీటు ముసలమ్మ అంది:
"బాబూ, ఎవరో చెప్పు కాలుస్తున్నారు."

అక్కడే ఆపి, ప్యాడ్లమ్మిన సాహుకి ఫోను చేశాను.
నకిలీ సరుకన్నాను. దొంగన్నాను.
వాళ్ల నాన్నని కూడా ఒక మాటన్నాను.
అటునుంచి ఏమీ రాలేదు.

సుంకిలో దండాసి మేస్త్రీ రేకుల షెడ్డు.
చేత్తో ముట్టలేదు, గ్లాసులో నీళ్లు చిలకరించాడు.
కుడి చక్రం ఊరికే తడిసింది.
ఎడమది చుయ్యిమంది.

"ప్యాడ్లు ఎవులేసినారు?"
"నేనే."
"బాగానే ఏసినావులే."
మెప్పో చురకో తెలియలేదు.

జాకీ ఎత్తాడు. చక్రం తిరగదు.
నిప్పిల్ పావు తిప్పు తిప్పితే
సన్నగా చిమ్మింది నల్లటి ఆయిలు.
నిద్రలో పిల్లాడి పిడికిలి విచ్చుకున్నట్టు
చక్రం వదిలేసింది.
బిగించి, ఒక్కసారి తొక్కమన్నాడు. మళ్లీ పట్టేసింది.
ఈసారి పైన, హోసుని ఇనప పైపు కలిసేచోట వదులు చేశాడు.
ఆయిలు కారింది గానీ చక్రం కదల్లేదు.
"దొరికినావురా" అన్నాడు, చక్రంతోనే.

హోసు విప్పి, కోసి చూపించాడు.
పైకి నిగనిగ. లోపల వాచిన గొంతు, సూది పట్టేంత సందు.
"ఇరవయ్యారేళ్ల రబ్బరు. తొక్కితే బలం తోసుకొని ఎల్తాది,
వదిలితే తిరిగొచ్చే దారి లేదు.
ప్యాడ్లు మార్చినపుడు క్యాలిపర్ని ఏటికి కట్టినావు?"
కట్టలేదు. వేలాడదీశాను.
"దేనికి?"
నేను హోసు ముక్కని చూశాను.
ఆయన ఇంకేం అడగలేదు.

ఎయిరు తీయడానికి పెడల్ మీదకి ఆయన భార్య సుకాంతి ఎక్కింది,
చీర కుచ్చిళ్లు దోపుకుని.
"తొక్కి పట్టు" కిందనుంచి తెలుగు.
"ధరిఛి" పైనుంచి ఒడియా.
"వదులు."
"ఛాడిలి."
సీసాలో బుడగలు, బుడగలు, ఒక్క బుడగ.
ఒకళ్ల మొహం ఒకళ్లకి కనబడకుండా ముప్పయిసార్లు.
ఆఖరికి ఆ ఒక్కటీ లేదు.

ఘాటీ దిగాను. చేతులు వదిలినా తిన్నగా పోతోంది.
సాలూరు ముందు ఆపి, నీళ్లు చల్లి చూశాను.
తడిసింది, అంతే.

సాహు నంబరు తీశాను.
ఉదయం మాట తోసుకుని వెళ్లిపోయింది.
దానికి ఏ నిప్పిల్ వదులు చెయ్యాలో తెలీక
రింగు వింటున్నాను.
ముసలమ్మ దిగుతూ నా చేతిలో అల్లంకొమ్ము పెట్టింది.
"ఇప్పుడు వాసన లేదు బాబూ."

ఎనిమిదో రింగుకి ఎత్తాడు.
"చెప్పండి" అన్నాడు, తెలుగులో.