ఎనభై పాయింట్ల పచ్చ

సామారంగం చౌక్ దాటి
ఇత్తడి కొట్లు అయిపోయాక
ఎడమకి తిరిగితే బెజవాడ ఎండ ఆగిపోతుంది.
అక్కణ్ణించి రేకుల సందు.

నూట పది అడుగుల పొడుగు. నేనే లెక్కపెట్టాను,
కాజాలు కుట్టేదాన్ని, దేన్నైనా లెక్కపెడతాను.
నెత్తిన ఇనప దూలాలు, మసిబారిన అద్దపు పలకలు,
పలకల మీద పావురాలు నడిస్తే
కింద మనకి గోళ్ళ చప్పుడు.
ఎవరు కట్టించారంటే
ఎవరో దొర అంటారు ఒకరు,
కాదు, పొగాకు షావుకారంటారు ఇంకొకరు.
ఎవరు పరిపించినా
నాపరాళ్ళు అరిగింది మన కాళ్ళకే.

ఇక్కడ రంగులకి పేర్లున్నాయి:
గచ్చకాయ, మెంతిపిండి, ఉల్లిపొర.
పేరు చెబితే చాలు, కొలబద్ద కొసతో
పై అరలోంచి తాను దూకిస్తారు.
కానీ పేరుని ఎవరూ నమ్మరు.
ట్యూబులైటు కింద నలుపు నీలమవుతుంది,
నీలం మాట మారుస్తుంది.
అందుకే నన్నే సాహెబు కొట్టు ముందు,
ఎప్పుడో పగిలితే మార్చిన ఒకే ఒక్క పలక కింద,
చాపంత వెలుతురు.
సందులో ఎక్కడ బేరమాడినా
చివరికి అక్కడికొచ్చి నిలబడాల్సిందే
చేతిలో గుడ్డముక్కతో.

నిన్న నా ముందు ఒక హోంగార్డు, ఖాకీ ముక్కతో.
అతని ముందు ఒక పెళ్ళికూతురు, పక్కన మేనత్త.
ఆ మేనత్త ఎరుపుకి ఎరుపు ఆనించి చూసి
"ఇదేం ఎరుపు, తొక్కుపచ్చడి గిన్నె కడిగిన నీళ్ళు!"
అని విసిరేసింది.

నాది దయామణి సిస్టరు పాత జాకెట్టు.
రైల్వే ఆసుపత్రిలో మొదటి జీతానికి
ఈ సందులోనే కొన్న చీర మీదది.
జాకెట్టు ఇప్పుడు చెయ్యి పట్టదు.
ఆ చీరకే కొత్తది కావాలంది.
ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నన్నే సాహెబు దాన్ని వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి
చంక కింద కుట్టు విప్పమన్నాడు.
పళ్ళతో విప్పాను.
లోపలి మడతలో
నిన్న కొన్నట్టు చిలకపచ్చ.
పైన, వడిలిన తమలపాకు.
"రెండున్నాయమ్మా. ఏది కావాలి?"
"చీర వెలిసిపోయింది, సాహెబూ."
"వెలిసిన రంగు మిల్లు వాడివ్వడు తల్లీ. అది వెలవాలి."

అయినా ఆరు పచ్చలు దూకించాడు.
జాకెట్టు పక్కన పెడితే
ఆరూ అరిచాయి.

అప్పుడు తలెత్తి చూశాడు.
కొట్టు గుర్తుకని
గడపమీది గెడకి కట్టిన ముక్క,
సరిగ్గా ఆ పలక కిందే.
వాళ్ళ రెండోవాడు పుట్టిన ఏడు కట్టాడట.
వాడిప్పుడు లారీ తోలుతున్నాడు.
ఇన్నేళ్ళలో దాని ధర అడిగినవాళ్ళు లేరు.

స్టూలెక్కి, ముడి విప్పి,
దుమ్ముకి దగ్గుతూ దిగి
దులిపి, పరిచి, జాకెట్టు దాని మీద పెట్టాడు.

జాకెట్టు ఎక్కడుందో
ఒక్క క్షణం నాకు కనబడలేదు.

"ఎనభై పాయింట్లు వస్తుంది. కొత్తదాని ధరే."
"ఎండ తిన్నదానికా?"
"ఇన్నేళ్ళు ఎండ మేపింది నేను కదమ్మా!"
పావురం రెట్ట మరక చూపించి
పది రూపాయలు తగ్గించాను.

చౌక్‌లోకొచ్చి పొట్లం మళ్ళీ విప్పాను.
ఎండకి కళ్ళు చికిలించుకుని చూస్తే
పిసరంత తేడా ఉంది.
ఉండనీ.
ఆ పిసరు చెయ్యి మడతలోకి పోయేట్టు కత్తిరిస్తాను.

నేను వచ్చేస్తుంటేనే
నన్నే సాహెబు మళ్ళీ స్టూలెక్కాడు,
ఆరింట్లో ఒక పచ్చని తీసి
ఖాళీ గెడకి కట్టడానికి.
ఖాకీ ముక్క చంకలో ఇరికించుకుని
హోంగార్డు స్టూలు పట్టుకున్నాడు.