పేజీ తిప్పే పిల్ల

కార్క్ నగరంలో, లీ నదికి నాలుగడుగుల దూరంలో మా కోర్టు.
తలుపులు తెరవడం, మూయడం,
గ్లాసుల్లో నీళ్లు నింపడం నా పని.
బోనులో ఎవరున్నా నాకొకటే.
దాహానికి వాది, ప్రతివాది ఉండరు.

ఆ సోమవారం రెండు గ్లాసులు.

ఒకటి కోర్మాక్ టైరెల్‌కి.
ఎనభై ఆరేళ్లు, చక్రాల కుర్చీ, మోకాళ్ల మీద గళ్ల దుప్పటి.
ఆయన రికార్డులు మా ఇంట్లో నాలుగున్నాయి.
ఇస్త్రీ చేస్తూ వినేది మా అమ్మ.
పియానో నెమ్మదించిన చోట
కాలరు మీద అమ్మ చెయ్యీ నెమ్మదించేది.

రెండోది డెర్వ్లా హెగర్టీకి.
అరవై ఒక్క ఏళ్లు, చేపల దుకాణం,
వేళ్ల నిండా మానిన కత్తిగాట్లు.
"అప్పట్లో మీరేం చేసేవారు?"
"పేజీలు తిప్పేదాన్ని."

ఆయనకి ఎడమపక్కన కూర్చోవాలి.
చివరి వరుస వస్తుండగా లేవాలి.
కాగితం పైకొసని ఎడమచేత్తో పట్టుకోవాలి.
నీడ పడకూడదు, ఊపిరి వినపడకూడదు.
ఆయన తల ఊపుతాడు.
అప్పుడే తిప్పాలి.
"తల ఊపగానే చెప్పినట్టు చెయ్యడం
పదిహేనేళ్లకే నాకు బాగా వచ్చు" అంది.

తర్వాత, వేదిక వెనక గది గురించి చెప్పింది.
అది నేనిక్కడ తిరిగి చెప్పను.

కర్టెన్లు ఏ రంగు, అన్నాడు ఆయన లాయరు.
గుర్తులేదంది.
ఆ హాలు కూల్చేశారు, ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు.
కాపలావాడు పోయాడు. రిజిస్టరు వరదలో నానిపోయింది.
నలభై ఆరేళ్ల కిందటి ఒక శనివారం
ఎక్కడున్నావంటే ఏ ముసలాయన చెప్పగలడు?
లాయరు చెడ్డవాడేం కాదు.
నన్నడిగితే నేనూ చెప్పలేను.

పాత అప్పుపత్రానికి కాలదోషం పట్టిందంటారే,
ఎంత మర్యాదైన మాట!
ఇచ్చినవాడిదీ కాదు, ఎగ్గొట్టినవాడిదీ కాదు,
దోషం కాలానిదట.
గడియారాన్ని బోనెక్కించి
అందరం ఇంటికెళ్లి టీ తాగొచ్చు.

కానీ అదే కాలం ఆయనకి
పతకాలు తెచ్చింది, తపాలా బిళ్ల మీద బొమ్మ వేసింది,
నది పక్క వంతెనకి పేరు పెట్టింది.
ఆమెకేం తెచ్చిందో ఎవరూ అడగలేదు,
తనే చెప్పింది:
తన పెళ్లిలో వాద్యాలు వద్దందట.
ఎందుకని మొగుడు ముప్ఫై ఏళ్లూ అడగలేదట.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?"

"ఊరుకోలేదు.
అమ్మకి చెప్పాను, చెంప మీద కొట్టింది.
సంగీతం టీచరుకి చెప్పాను,
మరుసటి కచేరీకి టికెట్ ఇచ్చింది,
మొదటి వరుసలో.
ఆ తర్వాత ఎవరికి చెప్పబోయినా ఒకటే మాట:
పాతది వదిలెయ్యి తల్లీ, పేజీ తిప్పేయ్."

ఎవరో దగ్గారు. కిటికీ మీద వాన.

అప్పుడు టైరెల్ తల ఊగింది.
వణుకుజబ్బు, రోజంతా ఊగుతూనే ఉందా తల,
కానీ ఈసారి ఊగినప్పుడు
ఆమె అటే చూస్తోంది.
ఆమె ఎడమచెయ్యి లేచింది.
జానెడు ఎత్తు, అంతే.
బొటనవేలు, చూపుడువేలు
గాలిలో కాగితం కొసని వెతుక్కున్నాయి.

జడ్జి ఏదో రాసుకుంటున్నాడు.
లాయరు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.
చూసింది నేనొక్కణ్ణే.
నా సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు.

ఆమె ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని,
బడికెళ్లనని మొరాయించే పిల్లని దించినట్టు
కిందికి దించింది.

ఆ రాత్రి రికార్డులు బయటికి తీశాను.
పారెయ్యలేదు. పెట్టుకుని వినలేదు.
అమ్మ వేలిముద్రలు అట్టల మీద ఇంకా ఉంటాయేమో,
తుడవడానికి మనసు రాలేదు.

విచారణ సాగాలో వద్దో
గురువారం చెప్తామన్నారు.
బల్లలు సర్దుతుంటే చూశాను,
ఆయన గ్లాసు నిండుగానే ఉంది.
ఆమెది అడుగంటింది.
రేపటి పనే అయినా
ఇవాళే నింపి పెట్టాను.