మూడు చుక్కలు

హాజీ మెతాలి ఇల్లు బ్రూనై నది మీద, గుంజల పైన.
పోటు ఉంటే పడవ నేరుగా అరుగుకి తగిలేది.
పాటులో బురద గుంజలు పట్టుకుని పాకేవాళ్లం,
తడిసిన సారంగు అంచు పిండుకుని, వజూ చేసుకుని
తెరకి ఇవతల ఏడుగురు ఆడపిల్లలం.

చదువుకి రుసుము కుంచెడు బియ్యం,
శుక్రవారం శుక్రవారం దీపానికి నూనె.
కొబ్బరీనె పుల్లతో ఒక్కో అక్షరం తాకి
"అలిఫ్ పైన అ, అలిఫ్ కింద ఇ, అలిఫ్ ముందు ఉ"
అని ఆయన దగ్గేవాడు.
మేం ఆ దగ్గు కూడా కలిపి వల్లించేవాళ్లం.

ఖురాన్ ముగించిన రోజు పసుపన్నం వండారు,
ఉడికించిన గుడ్లకి కాగితం పూలు కట్టారు.
తమ్ముడికి మర్నాడే కలం ఇచ్చారు.
నాకు ఇవ్వలేదు.
"చదివితే పుణ్యం. రాయడం నేర్పావో, మగాళ్లకి ఉత్తరాలు రాస్తుంది"
అంది అత్త, తమలపాకుకి సున్నం రాస్తూ.

తమ్ముడి భుజం మీంచి చూసేదాన్ని.
మా నోట్లో ఉన్నవన్నీ మక్కా నుంచి రాలేదు.
పాదీ అంటే వడ్లు. పెరాహు అంటే పడవ.
ఆ మొదటి చప్పుడుకి అరబ్బీలో అక్షరమే లేదు.
ఎప్పుడో ఎవరో, పేరు చెప్పకుండా పోయిన మనిషి,
ఫా నెత్తిన ఒంటి చుక్కకి ఇంకో రెండు చేర్చి
మా వడ్లనీ మా పడవనీ
ఆ లిపిలోకి ఎక్కించాడు.

తరవాత యుద్ధం. తరవాత చమురు.
తరవాత జొహోర్ నుంచి మాస్టర్లు ఓడ దిగారు,
సుల్తాను ముద్ర ఉన్న కాగితాలతో.
నల్లబల్ల, హాజరుపట్టీ, గంట.
అప్పటికి చూపు పోయిన మెతాలి ఆ గంట విని
"ఇది అజాన్ కాదు కదూ?" అని అడిగేవాడు పాపం,
రోజూ.

మధ్యాహ్నపు బడికి నా కూతురు దూరియా
తెల్ల ముసుగు కట్టుకుని వెళ్లేది.
వచ్చేటప్పుడు నా కోసం సుద్దముక్క దొంగిలించేది.

నలభై రెండో ఏట
వంటింటి చెక్కగోడ మీద, కుడి నుంచి ఎడమకి,
చేపల వాసనేసే చేత్తో
మొదటి ఉత్తరం రాశాను, నా మొగుడికి.
అత్త భయపడ్డంత ఏమీ లేదు అందులో.
"బియ్యం అయిపోయాయి. పాటు రాకముందే పెరాహు కట్టెయ్."

పెరాహు దగ్గర
రెండో చుక్క పెడుతుంటే సుద్ద విరిగింది.
మూడోది గోటితో పెట్టాను.