కామా తర్వాత

గుణుపురంలో సాయంత్రం ఆరున్నరకి
మందుల షాపు మరిదికి అప్పజెప్పి
సుకాంతి మిస్ మేడమెట్లు ఎక్కుతాను.
ఎనిమిది మందిమి, ఒక ట్యూబులైటు.
నలభై మూడేళ్ళ నేనే అందర్లోకీ పెద్ద పిల్లని.

ఈ వారం క్రియావిశేషణ ఉపవాక్యాలు.
పేరు పలికేసరికే దాహం వేస్తుంది.
మిస్ ఒడియాలో చెబుతుంది, నేను తెలుగులో రాసుకుంటాను,
పక్కన ఎలియా రైతా సవర భాషలో నవ్వుకుంటాడు.

ఇంగ్లీషుకి భలే తొందర.
ఇఫ్ అనీ, బికాజ్ అనీ, అన్‌లెస్ అనీ
వాకిట్లోనే బోర్డు కట్టేస్తుంది.
మనది క్రియ తోక పట్టుకుని వేలాడుతూ వస్తుంది:
వాన వస్తే, బండి రాకపోతే, పిల్ల ఏడుస్తుంటే...
చివరిదాకా వింటే గాని తెలీదు
షరతు పెట్టారో, జరిగిందే చెబుతున్నారో.

నిన్న నా హోంవర్కు నిండా ఎర్రసిరా.
"మీ ఇంట్లో గ్లాసుడు పంచదార ఉంటే"
అని ఇంగ్లీషులో రాసి చుక్క పెట్టాను.
ఇది సగమే, మిగతాది ఏదీ? అంది మిస్.
మిగతాది అడగడం కదా మిస్,
అడగడం ఎక్కడైనా రాస్తారా?
మా సుందరి పిన్ని పిట్టగోడ మీంచి
"పంచదార ఉంటే..." అంటుంది.
ఆపైన గ్లాసే మాట్లాడుతుంది.

ఆ ఎర్రగీత చూశాక కంటి శిబిరం గుర్తొచ్చింది.
కార్తీకంలో, హైస్కూలు వరండాలో.
ఏ దేశమో, పొడుగాటి డాక్టరమ్మ, పేరు హెడ్విగ్.
పుట్టాసింగి కొండ దిగొచ్చిన ముసలామె
సవరలో అంటే ఎలియా ఒడియాలో,
ఎలియా ఒడియాలో అంటే నేను ఇంగ్లీషులో.
ఆపరేషను రేపు. అవునా, కాదా?
ముసలామె కాసేపు తన వేళ్ళకేసి చూసుకుంది.
"కోతలయ్యాక అయితే..."
ఆగింది.
నేనూ అక్కడే ఆగాను. ఆఫ్టర్ హార్వెస్ట్, అన్నాను.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని చూస్తోంది
రెండో సగం కోసం.
నాకేమో వాక్యం ఎప్పుడో నిండిపోయింది:
ఇంటి దగ్గర కోడలు ఒక్కతీ, చేలోకి అడవిపందులు,
ఇంతదూరం వచ్చిన మీ మొహాన కాదనలేను.
ఇదంతా ఆ "అయితే"లో ఉంది.
విప్పి చెప్పడం మర్యాద కాదనుకున్నాను.
ఆవిడ గడిలో రాసుకుంది: ఇష్టం లేదు.

ఆ సాయంత్రమే ఇంకో తప్పు.
"ఐ యామ్ కమింగ్" అని చెప్పి ఇంటికెళ్ళిపోయాను.
ఇక్కడ అందరం అంతే కదా,
ఒడియాలో ఆసుఛి, తెలుగులో వస్తాను.
పోతున్నానని ఎవరైనా అంటారా, నోట్లో మన్ను!
ఆవిడ తొమ్మిదిదాకా వరండాలో కూర్చుందట
రెండు కప్పుల టీ పక్కన పెట్టుకుని.
ఒకటి నాది.

పొద్దున్న కోపం లేకుండానే అంది:
వస్తానన్నావు కాబట్టి, నువ్వొచ్చేదాకా ఉన్నాను.
ఒక్క మాటలో రెండు ఉపవాక్యాలు.
రెండూ నా మీదే.

ముసలామె వచ్చింది.
పుష్యమాసంలో, కందికాయలు మూటగట్టుకుని
తడుముకుంటూ మా షాపు మెట్ల మీదికి.
శిబిరం ఎప్పుడో ఎత్తేశారు.
ఎలియాని పిలిపించాను, ఏమందిరా?
"చెప్పాను కదా" అందట.

ఇవాళ మిస్ ఇచ్చిన పని:
ఆఫ్టర్‌తో ఒక సొంత వాక్యం.
ఆఫ్టర్ ద హార్వెస్ట్ ఈజ్ ఓవర్, అని రాసి
కామా పెట్టాను.
ఆ పక్కనే, మిస్ గుండ్రంగా చుట్టినా సరే,
పొద్దుటి విశాఖ పాసింజరు టైమూ
టికెట్ల ఖర్చూ వేసుకున్నాను.
మూడు టికెట్లు.
ఎలియా లేకపోతే
ఆమె మాట మళ్ళీ నా దగ్గరే ఆగిపోతుంది.