గోస్తని, మైలుకి ఒక అంగుళం

గుడ్డమీద అతికించిన పటం. విప్పితే
కలరా ఉండల వాసన,
ఎండిపోయిన ఒక బల్లిపిల్ల,
దానికింద గోస్తని.

అనంతగిరి దగ్గర గోధుమరంగు గీతలు
రేషన్ క్యూలో ఆడవాళ్ళలా
ఒకదాన్నొకటి తోసుకుంటాయి.
దిగేకొద్దీ ఎడమవుతాయి. పద్మనాభం దాటాక
గీతకీ గీతకీ మధ్య
మనిషి పడుకునేంత చోటు.

రైలుబాట నల్లన. వంతెనంటే
ఏటికి అటొకటి ఇటొకటి రెండు కొక్కేలు, అంతే.
కొండమీది లైను అచ్చులో లేదు.
ఎప్పుడో ఎవరో పెన్సిలుతో గీశారు,
సొరంగం వచ్చినచోటల్లా చుక్కలు పెట్టి,
ఊపిరి బిగబట్టినట్టు.

కాలవలు మాత్రం నీలం వెంట్రుకలు.
అద్దం పెట్టి వెతకాలి.

మధ్యాహ్నం బమ్మిడి పైడమ్మ వచ్చింది
తగరపువలస అవతల్నుంచి, రెండు బస్సులు మారి.
చేతిలో అర్జీ, నాలుగో నకలు.
"లేఅవుట్ కాయితంలో మా పంటకాలవ నేదంట బాబూ.
మరి మొన్నటి వానకి
నీరు నట్టింట్లోకి ఎలాగొచ్చీసింది?"

పటం పరిచాను. చదువు రాదు.
కాసేపు చూసి, "సముద్రం ఏటేపు?" అంది.
పటంలో చూపించాను.
కాదంది. కిటికీలోంచి చూసింది.
బయట సముద్రం ఎటుందో
కాగితం మీది సముద్రమూ అటొచ్చేదాకా
పటాన్నే తిప్పింది.
ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను చెయ్యని పని.

ఇక వేలు బయల్దేరింది.
"ఇది గట్టు. ఇక్కడ తూము.
ఇక్కడే మా గేదె ఈనింది, వానలో.
ఇక్కడ మాయత్తా నానూ
మూడేళ్ళు మాటాడుకోకుండా బట్టలుతికాం."

వేలు మడత దగ్గరికొచ్చింది.
అక్కడ కాగితం లేదు. ఎన్నో చేతులు
మడిచి మడిచి అరిగిపోయి
గుడ్డ పోగులు తెల్లగా తేలాయి.
నీలం గీత అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

వేలు ఆగలేదు.
పోగులమీదుగా, కొంచెం ఒంపు తిరిగి,
అవతలి ఒడ్డుకి చేరింది.
అద్దం పెట్టి చూశాను.
సరిగ్గా ఆమె గోరు కింద
నీలం వెంట్రుక మళ్ళీ మొదలైంది.

"పటం మడత వద్ద శిథిలం,
నిర్ధారించుటకు వీలులేదు."
రాయాల్సింది అది. నాలుగుసార్లూ
రాసింది అదే. అందులో రెండు నా దస్తూరి.

ఆమె మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని,
"నీరు పల్లమెరుగు బాబూ" అంది.
సామెతలో రెండో సగం చెప్పలేదు.
నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయింది.

పటం ఇంకా ఆమె తిప్పినట్టే ఉంది,
సముద్రం సముద్రం వైపు.
సొరుగులో బ్లేడు వెతికి
పెన్సిలు చెక్కుతున్నాను.