గసగసాలు

అంగ్రాలో మా వీధి నేరుగా సముద్రంలోకి దిగుతుంది.
అందుకే ఇసుకే అనుకున్నాను మొదట.
మనవడు టొమే చెప్పుల్లోంచి రాలిందని
వాణ్ని కసిరాను,
రెండు పూటలూ ఊడ్చాను.
మర్నాటికి మళ్లీ అక్కడే
అల్మరా ఎడమకాలి పక్కన
చిన్న కుప్ప.

ఇసుకైతే ఇల్లంతా తిరుగుతుంది.
ఇది ఒకేచోట కూర్చుంది
చర్చి మెట్ల మీద ముసలివాళ్లలా.

వడ్రంగి ఎర్మీనియు వచ్చి
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని
చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు.
"నలగదు చూడు, లియొనీల్డా.
రంపపు పొట్టైతే పిండయ్యేది.
ఇవి గింజలు, ఒక్కోదానికి ఆరు పలకలు.
తిన్నవాళ్లు వదిలిన లెక్క."
అచ్చం రొట్టె మీద చల్లే గసగసాలు.
ఆ పూట నాకు రొట్టె సయించలేదు.

చెదలంటే మట్టి దారులు కట్టుకుంటూ
గోడెక్కుతాయని విన్నాను.
ఇవి మట్టి ముట్టవట, నీళ్లడగవట,
ఎండు కర్రలోనే పుట్టి
అందులోనే కాపురం.
మా ఎవరిష్టు బతికుంటే అనేవాడు,
అచ్చం మా అమ్మే, గడప దాటదని.

దాటుతాయి. ఏడాదికోసారి.
పోయిన జూలైలో దీపం చుట్టూ ముసిరాయి.
పొద్దున కిటికీ గట్టు నిండా రెక్కలు,
ఉల్లిపొర లాంటివి, అన్నీ ఒకే పొడవు.
తడిగుడ్డతో తుడిచేశాను,
నా పేరున వచ్చిన ఉత్తరాన్ని
చదవకుండానే పొయ్యిలో పెట్టినట్టు.

స్క్రూడ్రైవర్ పిడితో
దూలం పొడుగునా తట్టుకుంటూ పోయాడు.
టక్. టక్. టక్.
ఎనభైలో, కొత్త సంవత్సరం నాడు,
భూమి కదిలి ఊరు కూలినప్పుడు
మా నెత్తిన పడకుండా నిలబడ్డ దూలం.
టక్. టక్.
డొబ్.
పైన వార్నిష్ నిగనిగలాడుతూనే ఉంది.
మొన ఆనించాడో లేదో
కేకులోకి దిగినట్టు దిగింది.

"ఈ అల్మరా పక్కన ఇంకేదో ఉండేది కదా?"

ఉయ్యాల తొట్టి.
నిరుడు ఫిలుమేనాకి ఇచ్చాను,
వాళ్ల అమ్మాయికి నెలలు నిండాయని.
తుడిచి, నూనె పట్టించి, రిబ్బను కట్టి మరీ.
ఎంత మంచిదానివే అంది.
ఏడాదిగా ఆ మాటను
పిప్పరమెంటులా చప్పరిస్తున్నాను.

తొట్టి కిందా ఉండేవి గసగసాలు.
ఇప్పుడు గుర్తొస్తోంది.
లేదు, గుర్తు రావడం కాదు.
అప్పుడే చూశాను.
ఊడ్చాను.

కాగితం పొట్లంలో చిటికెడు గింజలతో
వాళ్ల వీధి ఎక్కాను.
ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నాను,
ఒక్క వాక్యమూ నిలబడలేదు.
లోపల పసిబిడ్డ కేరుతోంది.
తలుపు కొట్టాను.

ఎవరదీ అన్న పిలుపు కంటే ముందు
ఆ చెక్క
ఎలా పలికిందో విన్నాను.