ముందు బిగించాలి

దంగేటి వీర్రాజు ఇండికా
తాటిపాక సెంటర్లో నా షెడ్డు ముందు
ఆవిర్లు కక్కుతూ ఆగింది.
"ఆయ్, నీళ్ళు తెగ తాగేస్తందండి" అన్నాడు,
ఇంట్లో గేదె సంగతి చెప్పినట్టు.

బానెట్ ఎత్తగానే తెలిసిపోయింది.
కాలవలు కట్టేసిన ప్రతి వేసవీ
రేడియేటర్లో పోసింది బోరు నీళ్ళే.
మా బోర్లకి సముద్రం మేనమామ,
అడక్కుండానే ఉప్పు పంపిస్తాడు.
థర్మోస్టాట్ మూతకి మూడు బోల్టులు.
రెండు గొణుక్కుంటూ వచ్చాయి.
మూడోది స్పానరు తగిలీ తగలగానే
టిక్ అంది.

ఆ చప్పుడు పక్కవాళ్ళకి వినపడదు.
మెకానిక్కి మాత్రం
చీకట్లో లేని మెట్టు మీద
కాలు వేసినట్టుంటుంది.
తల చేతికొచ్చింది,
ఒళ్ళు ఇంజన్లో ఉండిపోయింది.

రేషను షాపు మానేశాక
సీసా అడుగున దాచుకున్న కిరసనాయిలు
బ్రేకాయిలుతో సగంసగం కలిపి
చుక్కచుక్కగా పోసి, రాత్రంతా నానబెట్టాను.
పొద్దున్న గ్యాసు మంట చూపించి
కొవ్వొత్తి మైనం తాకించాను.
నడిమధ్యన పంచ్ కొట్టి
డ్రిల్లు పెడితే జారింది.
మళ్ళీ పెడితే మళ్ళీ జారి కీచుమంది.
మామూలు ఇనుము అలా ఏడవదు.

లైటు దగ్గరికి లాగి చూశాను.
లోపల నీలంగా ఒక మెరుపు.
ఎవడో ఎప్పుడో ఈ బోల్టులోనే
ఎక్స్‌ట్రాక్టరు విరగ్గొట్టి వదిలేశాడు,
తలని ఎం-సీలుతో అతికించి
పైన నల్లరంగు పూశాడు.

నిన్నటి తలకాయ వెతికి తిరగేశాను.
గట్టిపడిన ఎం-సీలు మీద
ఒక బొటనవేలి ముద్ర.
ముద్రకి అడ్డంగా కోత.

నా ఎడమచేతి బొటనవేలు
చూసుకోనక్కర్లేదు.
ఫ్యాను బెల్టు కోసింది, పదహారో ఏట.

మలికిపురం, లాజరు మేస్త్రి షెడ్డు.
ఆదివారం, ఆయన చర్చికెళ్ళిన గంటలో
ఎర్ర ఇండికా ఒకటి, సాయంత్రానికి కావాలన్నారు.
ఇప్పుడిది తెలుపు.
ఎన్ని చేతులు మారి వచ్చిందో!
మేస్త్రి వచ్చి, ఇంజను చప్పుడు విని
"చెయ్యి తిరిగింది రా నీకు" అన్నాడు,
ఇరవై రూపాయలు చేతిలో పెట్టాడు.
ఆ మాట ఇప్పటికీ లోపలే ఉంది,
ఏ స్పానరుకీ అందకుండా.

దీనికొకటే మందు.
విరిగిన మొదలు మీద నట్టు పెట్టి వెల్డింగు.
మొదటి నట్టు ఊడిపోయింది.
రెండోదానికి కరెంటు పోయింది.
కరెంటొచ్చాక మూడోది అంటించి
ఎరుపు నలుపయ్యేదాకా కూర్చున్నాను.
మేస్త్రి అనేవాడు:
"విప్పే ముందు బిగించాల్రా, వెంట్రుకవాసి.
బిగించడానికే వచ్చావని
అది నమ్మాలి."

బిగించాను.
నమ్మింది.
కిర్రుమని పావు చుట్టు కదిలింది.
వెనక్కి, ముందుకి, ఒక చుక్క ఆయిలు,
మళ్ళీ వెనక్కి.
తెల్లటి ఉప్పుపొడి రాల్చుకుంటూ
వేడిగా నా అరచేతిలోకొచ్చింది.

"ఎవడండీ ఇలా చేసిన ఎదవ?"
టీ గ్లాసులు పట్టుకొచ్చి అడిగాడు వీర్రాజు.
"నేనే" అన్నాను.
"భలేవోరండి మీరు" అని
టీ ఒలికేలా నవ్వాడు.
మజూరీ వద్దంటే
అదీ వేళాకోళమే అనుకుని
జేబులో కుక్కి పోయాడు.

మా కుర్రాడు సుదర్శన్ మాత్రం నవ్వలేదు.
స్పానర్లు తుడుస్తూ తుడుస్తూ
పద్నాలుగో నంబరు దగ్గర ఆగిపోయాడు.
షట్టరు సగం దించి, లైటు ఆర్పాక
"మొన్నటి వ్యానుదండి... ఆయిల్ ప్లగ్గు..."
అని నసిగాడు.

లైటు మళ్ళీ వేశాను.